బూడిదరంగు గింజలు

మెదక్,
గురువారం సాయంత్రం.

ఫేబకు,

అమ్మ రాయమన్న ప్రభువు పేరిట వందనాలు ముందుగా. ఆమె పక్కనే స్టూలు మీద కూర్చుని నా కలం వంక చూస్తోంది. కంటి ఆపరేషన్ అయి పది రోజులే గనక అక్షరాలు ఇంకా అలికినట్టే కనబడుతున్నాయట. కాబట్టి ఏం రాస్తున్నానో ఆమెకు తెలియదు. నా తరఫున మామూలు వందనాలు. ఆ తరువాత మేమంతా ఇక్కడ క్షేమం అనే వాక్యం రావాలి. ఇన్నేళ్ళూ ఆ వాక్యాన్ని ఆలోచించకుండా రాశాను. నిన్న నీ తమ్ముడు విక్టర్ మన గడప ముందున్న నాలుగు మెట్లు ఎక్కడానికి రెండుసార్లు ఆగాడు. అందుకని ఈసారి క్షేమంగా ఉన్నవాళ్ళ పేర్లే రాస్తాను. అమ్మ, కొత్త కన్నుతో. నేను, ఒంటి వరకు. అంతే.

నీ ఉత్తరమూ ఖర్జూరాలూ సెలవు మీద వచ్చిన ఫిలిప్ తెచ్చి ఇచ్చాడు. రేపు మస్కట్ విమానం ఎక్కుతున్నాడు, ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తాను. శనివారానికి నీకు అందాలి. ఎట్టి పరిస్థితిలోనూ ఆదివారం లోపు అందాలి. "అన్నా, దినాం ఫోన్ల మాట్లాడుకుంటనే ఉంటరు గదా, మల్ల గీ కాగితాలెందుకు" అని ఫిలిప్ నవ్వాడు. ఫోన్లో నువ్వు ఒక ప్రశ్న అడుగుతావు, నేను వాదన మొదలుపెడతాను, వాదనలో నేనే గెలుస్తాను, నువ్వు డ్యూటీ టైమైందని పెట్టేస్తావు. నువ్వు మస్కట్ వెళ్ళిన ఈ పదకొండేళ్ళుగా మొగుడూ పెళ్ళాలం మనం మాట్లాడుకునే పద్ధతి ఇది. కాగితం మీద నాకు ఎదురు చెప్పేవాళ్ళుండరు, గెలవాల్సిన పనీ ఉండదు.

అమ్మ కంట్లో చుక్కల మందు రోజుకు నాలుగుసార్లు నేనే వేస్తున్నాను. ఆదివారం ఆమెను చర్చికి తీసుకెళ్ళారా అని అడిగావు. తీసుకెళ్ళాను. మీరు లోపలికి వెళ్ళారా అని అడగలేదు, జవాబు నీకు తెలుసు గనక. మెట్ల మీద కూర్చున్నాను. పాట వినబడుతూనే ఉంది.

మీ జియాలజీ గది ఇంకా ఉందా అన్నావు. గది ఉంది, జియాలజీ లేదు. పిల్లలు చేరడం లేదని కోర్సు మూసి నాలుగేళ్ళయింది గదా, ఇప్పుడు నాతో పర్యావరణ పాఠం చెప్పిస్తున్నారు. చుట్టూ ఉన్న గుట్టలను కంకర కొట్టి లారీలకెత్తుతున్న చోట, రాయిని చదవడం వచ్చిన మనిషి అక్కర్లేదట. ఎందుకు అక్కర్లేదో ప్రిన్సిపాల్‌తో గంట వాదించాను. జనానికి రాయి తెలియకపోవడమే రాయి అమ్ముకునేవాడికి పెట్టుబడి అన్నాను. ఆయన టీ తెప్పించాడు. పోలరైజింగ్ మైక్రోస్కోపు మాత్రం అలాగే మూలన గుడ్డ కప్పుకుని ఉంది. తాళంచెవి నా దగ్గరే ఉంది.

విక్టర్ మందుల సంగతి అడిగావు. టీబీ కోర్సు రెండోసారి కూడా అయిపోయింది. కఫం మూడుసార్లు పరీక్ష చేశారు, మూడుసార్లూ క్రిమి కనబడలేదు. అయినా చీటీ మీద టీబీ అనే ఉంది. నువ్వు నర్సువి, నీకు చెప్పేదేముంది, అయినా చెప్తాను. టీబీ అని రాస్తే తప్పు క్రిమిది. సిలికోసిస్ అని రాస్తే తప్పు విక్టర్ పనిచేసిన కంకర క్రషర్ యజమానిది. క్రిమి లాయరును పెట్టుకోదు. అందుకే రాయి కొట్టేవాడు దగ్గితే అందరికీ ముందు తోచే పేరు టీబీ. హైదరాబాదులో ఒక డాక్టరు మాత్రం ఎక్స్‌రే పట్టుకుని, "ఏం పని చేస్తావు?" అని అడిగాడు. విక్టర్ దగ్గు మొదలైన నాటి నుంచి ఆ ప్రశ్న అడిగిన మొదటి డాక్టరు ఆయనే. ఊపిరితిత్తుల్లో రాతిపొడి పేరుకున్నట్టుందని రాసి, ఊపిరితిత్తులను తినేసే క్వార్ట్జ్ అనే ఖనిజం ఆ రాయిలో ఉందని తేల్చుకురమ్మన్నాడు. క్రషర్ మీద సోమవారం జరిగే విచారణలో అది తేలితే, విక్టర్‌కూ అతనితో పాటు దగ్గుతున్న పన్నెండు మందికీ తమ రోగం పేరు దొరుకుతుంది. యంత్రాలకు మూతలు, నీళ్ళ జల్లు పెట్టేదాకా క్రషర్ ఆగుతుంది. తేలకపోతే లోపల రాయి, చీటీ మీద టీబీ పెట్టుకుని పోతారు.

"రాయిలో అది ఉందని అద్దంలో ఎట్లా తెలుస్తుంది, మా డాక్టరుకు చెప్పాలి, నాకు అర్థమయ్యేలా రాయండి" అన్నావు. రాస్తాను. క్రషర్ లోపలికి నన్ను రానివ్వరు గనక, అక్కడ కంకర జల్లెడ పట్టే ఐలవ్వ నాలుగు రాళ్ళు కొంగులో కట్టుకుని పాపన్నపేట నుంచి షేర్ ఆటోలో తెచ్చింది. బిళ్ళంత ముక్క కోసి, గాజుపలకకు అతికించి, అద్దం మీద గరుకుపొడీ నీళ్ళూ వేసి అరగదీయాలి. చేత్తోనే, గుండ్రంగా, గంటల తరబడి. వెంట్రుక మందంలో సగం కూడా లేనంత పలుచన కావాలి. కింద పేపరు పెడితే వార్త చదవగలగాలి. మైక్రోస్కోపులో పలకకు కింద ఒక పోలరాయిడ్, పైన ఒకటి ఉంటాయి. కిందది వెలుగును ఒకే దిక్కున ఊగనిస్తుంది, పైది దానికి అడ్డంగా ఉంటుంది. ఉత్త గాజు పెడితే అంతా చీకటి. రాయి పెడితే ఆ చీకట్లోంచి రంగులు లేస్తాయి. పలక ఉన్న బల్లను తిప్పుతుంటే ఒక్కో గింజ ఆరుతుంది, వెలుగుతుంది, ఒక చుట్టుకు నాలుగుసార్లు. అభ్రకం మన చర్చి కిటికీ అద్దాల్లా మెరుస్తుంది. మరో ఖనిజమైన ఫెల్‌స్పార్‌లో కొన్నింటికి చారలుంటాయి, కొన్నింటికి లుంగీ మీది గళ్ళ లాంటివి. క్వార్ట్జ్‌కు ఇవేవీ లేవు. శుభ్రంగా, మచ్చ లేకుండా, బూడిదరంగులో ఉంటుంది. పలక ఇంకా మందంగా ఉంటే పసుపు చూపిస్తుంది. అది బూడిదరంగుకు దిగిందంటే పలక సరిపడా అరిగిందని లెక్క. అంటే ఎప్పుడు ఆపాలో చెప్పేది కూడా క్వార్ట్జే.

చిక్కు ఎక్కడంటే, చారలూ గళ్ళూ లేని ఫెల్‌స్పార్ కూడా అదే బూడిదరంగులో ఉంటుంది. మొదటి సంవత్సరం పిల్లలు ఇక్కడే బోల్తా పడేవాళ్ళు. తేడా తేల్చడానికి చిన్న పరీక్ష ఉంది. పై పోలరాయిడ్ తీసేసి, వెలుగు తగ్గించి, రెండు గింజలు ఆనుకున్న అంచును చూస్తూ గొట్టాన్ని రవ్వంత పైకి లేపాలి. అంచున ఉన్న సన్నని వెలుగు గీత ఒక పక్కకు జరుగుతుంది. అది ఏ గింజలోకి జరిగితే అది క్వార్ట్జ్. ఒక్కో గింజకు అర నిమిషం చాలు. ఈ అర నిమిషాన్ని గుర్తుపెట్టుకో, మళ్ళీ వస్తాను. ఇంకొక్క మాట, ఎరుపు చాయ ఉన్న రాయిలో క్వార్ట్జ్ పుష్కలంగా ఉంటే గ్రానైట్ అంటాం, దాదాపు లేకపోతే సైనైట్ అంటాం. చేతిలో పట్టుకుంటే చదువు లేనివాడికి రెండూ ఒకటే.

కిందటి విచారణకు పనివాళ్ళ తరఫున వెళ్ళాను. ఐలవ్వ అధికారి ముందు నిలబడి, "అన్నంల దుమ్ము పడ్తె ఏరి పారేసి తింటిమి సారూ. ఊపిరిల పడ్తె ఎట్ల ఏరాలె, మీరే చెప్పుండ్రి" అంది. ఆయన తల వంచుకుని రాసుకున్నాడు. అప్పుడు క్రషర్ లాయరు లేచాడు. పదకొండేళ్ళ కిందట అనుమతి తీసుకున్నప్పుడే ఒక నిపుణుడు ఈ రాయి సైనైట్ అని, క్వార్ట్జ్ నాలుగు శాతం మించదని నివేదిక ఇచ్చాడట. అందుకే మూతలూ నీళ్ళూ అక్కర్లేదన్నారట. అవసరమైతే దాన్ని దాఖలు చేస్తారట. నేను లేచాను. నా సంగతి నీకు తెలుసు.

"ఎవరా నిపుణుడు? పేరు చెప్పుండ్రి. జనం సొమ్ముతోని చదువుకొని జనం ఊపిరి అమ్ముకున్న ఆ పెద్దమనిషిని గీ ఐలవ్వ ముందట నిలబెట్టుండ్రి" అన్నాను. వెనకున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. లాయరు నా వంక ఒకసారి చూసి కాగితాలు సర్దుకున్నాడు.

ఇదంతా ఫోన్లో చెప్పాను. దాని మీదే నీ చివరి ప్రశ్న. "ఆ నివేదిక రాసినవాడెవడో తెలిసిందా? ప్రభువు క్షమిస్తాడేమో గానీ నేను క్షమించను" అని రాసి కింద గీత గీశావు. ఆ జవాబుకు ముందు ఇంకో రెండు సంగతులున్నాయి.

చర్చి మెట్ల మీద కూర్చున్నానన్నాను గదా. ఒక్కడినే లేను. క్రషర్ యజమాని మదన్ మోహన్ కారు దిగి వచ్చి, మెట్టు మీద కర్చీఫ్ పరుచుకుని పక్కన కూర్చున్నాడు.

"అమ్మ కన్ను ఎట్లున్నది సార్?"

"మంచిగనే ఉన్నది."

"విక్టర్ మా ఇంటి మనిషి లెక్క సార్. దవాఖానకు పోవాలంటే నా కారు పంపిస్త. ఆటోలల్ల తిరిగి పరేషాన్ ఎందుకు?"

"కారు తర్వాత. ముందు నీ యంత్రాలకు మూతలు పెట్టు."

"మీరు మారరు సార్" అని నవ్వాడు. "కొత్తగ రాయి అరగదీస్తుండ్రట గదా. అరగదీయుండ్రి, మీ చదువు మీది. నా దగ్గర పాత కాగితమొకటి భద్రంగున్నది. నేను దాన్ని బయటికి తియ్య. మీరు కొత్తది తియ్యకుండ్రి. ఎవరి ఇజ్జత్ వాళ్ళకుంటది."

లోపల ఆఖరి పాట అయిపోయింది. అమ్మ గోడ పట్టుకుని బయటికొస్తుంటే అతనే ముందు లేచి వెళ్ళి చెయ్యి అందించాడు. ఎంత మంచివాడని అమ్మ ఇంటిదాకా చెబుతూనే ఉంది.

రెండో సంగతి నిన్నటిది. విక్టర్ మెట్లెక్కి, ఊపిరి దొరికాక, "బావా, గా రాయి జర నాకు సుత చూపియ్యవా" అన్నాడు. స్కూటరు మీద కాలేజీకి తీసుకెళ్ళాను. గుడ్డ తీసి, పలక పెట్టి, స్టూలు జరిపాను. చాలాసేపు కన్ను తియ్యలేదు.

"గివేనా బావా?"

"ఏవి?"

"నా లోపల ఉన్నయి."

"అవే. ఇంకా సన్నగా."

"మస్తున్నయి గదా. నేనింకేదో నల్లగుంటయనుకున్న."

బల్ల తిప్పమన్నాను. తిప్పాడు. గింజలు ఆరుతూ వెలుగుతూ ఉంటే నవ్వాడు. నవ్వు దగ్గులోకి పోయింది. రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని, తల వంచుకుని, అది అయిపోయేదాకా ఆగాడు. నేను నీళ్ళిచ్చాను. తాగి మళ్ళీ అద్దంలో కన్ను పెట్టాడు.

"మరి గప్పుడు రాసినాయనకు గివి కండ్లవడలేదా బావా?"

నేను నీళ్ళ సీసాకు మూత పెట్టాను.

"చూపు ఆనదేమో పాపం. ఏమన్న అనుగానీ, ఆయన గట్ల రాసినందుకే క్రషర్ మొదలైంది, నాకు ఆపరేటర్ నౌకరి దొరికింది. ఆ నౌకరి లేకుంటె నాకు పిల్లనెవరిస్తుండె? ఆయన ఎదురుపడితే తిట్టాల్నో దండం పెట్టాల్నో నాకైతే సమజ్ అయితలేదు."

పలక తీసి డబ్బాలో పెట్టాను. గుడ్డ కప్పాను. దారి పొడుగునా అతను నా భుజం పట్టుకుని కూర్చున్నాడు. ఎంత సన్నబడ్డాడో ఆ చెయ్యి బరువులో తెలిసింది.

అమ్మ ఇప్పుడే పక్కింట్లో ప్రార్థన కూడికకు వెళ్ళింది. ఇక రాస్తాను.

ఆ నివేదిక రాసింది నేను. సంతకం నాది, కాలేజీ ముద్ర నా చేత్తో వేసింది. ఎవరా నిపుణుడని విచారణలో అరిచినప్పుడు కూడా ఆ సంగతి నాకు గుర్తుంది. గుర్తుండే అరిచాను. ఈ పదకొండేళ్ళలో నేను వేసిన ప్రతి కరపత్రంలోనూ అమ్ముడుపోయిన చదువరుల మీద ఒక పేరా ఉంటుంది, గమనించావా? మిగతావన్నీ నాలుగేసిసార్లు తిరగరాసేవాడిని. ఆ పేరా మాత్రం ఒక్క కొట్టివేత లేకుండా వచ్చేది.

ఈ పేజీని మొదట వేరేలా రాశాను. పొరపాటు పడ్డానని, చారలు లేని బూడిదరంగు గింజలన్నిటినీ ఫెల్‌స్పార్‌లో కలిపేశానని, ఆ అర నిమిషం పరీక్ష చేయలేదని. ఏ జియాలజిస్టయినా నమ్మే అబద్ధం, మర్యాదైన అబద్ధం. చింపేశాను. నిజం ఏమిటంటే, పరీక్ష చేశాను. పదకొండు గింజలకు చేశాను. తొమ్మిదింటిలోకి వెలుగు గీత జరిగింది. ఆ తొమ్మిదింటి పక్కనా నోటుబుక్కులో క్వార్ట్జ్ అని రాశాను. తరువాత కొట్టేసి ఫెల్‌స్పార్ అని రాశాను. పన్నెండో గింజ నుంచి గొట్టాన్ని కదపనే లేదు. కదపకపోతే నాకు తెలియలేదని నాకు నేనే చెప్పుకోవచ్చు గదా. ఇంకా చెప్పనా? ఆ రోజు పలకను సరైన మందానికి తెచ్చుకున్నది కూడా అందులోని క్వార్ట్జ్ పసుపు వదిలి బూడిదరంగుకు దిగడం చూసుకునే. దాన్నే ఆసరా చేసుకుని పని ముగించి, అది లేదని రాశాను.

ఎందుకు రాశానని అడుగుతావు. నువ్వు మొదటిసారి మస్కట్ వెళ్ళిన సంవత్సరం అది. ఏర్‌పోర్టులో లోపలికి పోతూ నువ్వు నన్ను కోరింది ఒక్కటే, తమ్ముడికి ఏదన్నా నౌకరి చూడమని. నెల తిరగకుండా మదన్ మోహన్ రాళ్ళు పట్టుకుని ల్యాబుకొచ్చాడు. "పర్మిషన్ వస్తె మీ బామ్మర్దినే ఆపరేటర్ పెట్టుకుంట సార్" అన్నాడు. ఒక్క పైసా ఇవ్వలేదు, నేను అడగలేదు. అందుకే ఇన్నాళ్ళూ అది లంచం కాదని వాదించుకోగలిగాను. వాదించడం నాకొచ్చు.

ఇక్కడ నా కలం నీ మీదికి మళ్ళింది. నాలుగు వరుసలు రాసి కొట్టేశాను. పైన నల్లగా కనబడుతున్నవి అవే, వెలుగుకు పెట్టి చదవకు. నువ్వు అడిగింది నౌకరి. రాయి పేరు మార్చమని నువ్వు అడగలేదు.

సోమవారం నేను నోరు మూసుకుంటే నా పేరు నిలుస్తుంది, విక్టర్ చీటీ మీద టీబీ నిలుస్తుంది. అప్పుడు పొరబడ్డానని చెబితే, అప్పుడు తప్పిన కన్ను ఇప్పుడు తప్పదా అని లాయరు అడుగుతాడు, నా రెండు కాగితాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కాబట్టి నోటుబుక్కు తీసుకెళ్తున్నాను. కొట్టేసిన తొమ్మిది చోట్లా ఏముందో అధికారికి చూపిస్తాను. ఎందుకు కొట్టేశానో కూడా చెప్పాలి, లేకపోతే ఎవరూ నమ్మరు. చెబితే విక్టర్ నౌకరి మాట ఆ గదిలో అందరి ముందూ వస్తుంది. అతను దాన్ని మొదటిసారి అక్కడ వినకూడదు. ఆదివారం చర్చి అయ్యాక అతనింటికి వెళ్ళి చెబుతాను. నేను చెప్పి లేవగానే అతను ఫోను చేసేది నీకే. ఆ ఫోనుకు నువ్వు సిద్ధంగా ఉండాలని ఈ ఉత్తరం.

నా ఉద్యోగం పోవచ్చు, కేసు పెట్టవచ్చు. పెట్టాలి. ఇంకొకడి విషయంలోనైతే పెట్టమని నేనే ధర్నా చేసేవాడిని. అమ్మకు మాత్రం ఇంకా ఏమీ చెప్పలేదు. కంటి చూపు కుదురుకున్నాక ఈ ఊళ్ళో ఆమె మొదట చదివేది నా గురించిన వార్తే అవుతుందేమో.

పలకలు రెండు చేశాను. ఒకటి విచారణకు. రెండోదాన్ని దూదిలో చుట్టి ఫిలిప్‌కు ఇస్తున్నాను. మీ ల్యాబులో ఉండే మామూలు మైక్రోస్కోపులో పెడితే గాజు మీద మసి అంటినట్టు ఉంటుంది, అంతకుమించి ఏమీ కనబడదు. అయినా నీ దగ్గర ఉంచు. నీ తమ్ముడు దాన్ని చూసి నవ్వాడు, ఆ సంగతి నాకూ నీకూ తప్ప ఎవరికీ తెలియదు.

ఆదివారం నువ్వు ఫోను చేయకపోవచ్చు. చేస్తే, నీకు తోచిందంతా అను, డ్యూటీ టైము అయ్యేదాకా అను. నేను వాదించను.

ఇట్లు,
విక్టర్ బావ,
జయానందం.